పెద్దనాయన చెప్పిన నొప్పి

పెద్దనాయన పోయాడని తమ్ముడు ఫోన్ చేసినప్పుడు నేను పాన్‌గల్‌లో ఒక రైతు ఇంటి ముందు కూర్చుని, మోకాలి నొప్పి పదికి ఎంతుందని ఆయన్ని అడుగుతున్నాను. పెద్దనాయన పొద్దున చాయ్ తాగి, గ్లాసు కింద పెట్టి, గోడకు ఒరిగి మళ్లీ లేవలేదట. గుండె ఆగిందన్నారు. నేను ఫోన్ జేబులో పెట్టుకుని, రైతు చెప్పిన తొమ్మిదిని ట్యాబ్‌లో నొక్కి, బండి ఎక్కాను. గద్వాల చేరేదాకా ఏడుపు రాలేదు. సిగ్గు వచ్చింది. ఎందుకో చెప్పకుండా ఆయన్ని నాలుగు మంచి మాటలతో పొగిడి ఊరుకుంటే, ఆయనకు చేసిన తప్పు మీద ఇంకో తప్పు చేసినవాణ్నవుతాను.

ముందు నా పని చెప్పాలి. మోకాలి కీలు అరిగినవాళ్ల కోసం కొత్తగా ఒక జెల్ తయారైంది. ఎముకల చివర ఉండే మెత్తటి పొర అరిగిపోతే, ఈ జెల్ సూదితో లోపలికి వెళ్లి, ఆ పొరను పట్టుకుని, ఎముకకూ ఎముకకూ మధ్య మెత్తలా నిలుస్తుందని దాన్ని తయారు చేసినవాళ్ల ఆశ. నిలుస్తుందో లేదో పరీక్షిస్తున్న హైదరాబాదు డాక్టర్ల దగ్గర నేను చిన్న ఉద్యోగిని. పోల్చి చూడటానికి సగం మందికి జెల్, సగం మందికి ఉత్త ఉప్పునీళ్లు ఎక్కిస్తారు. ఎవరికి ఏది ఎక్కిందో వాళ్లకూ తెలియదు, నాకూ తెలియదు. నెలనెలా ఇల్లిల్లూ తిరిగి, నొప్పి సున్నా నుంచి పది దాకా ఎంతుందో అడిగి రాసుకోవడం నా వంతు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ మూడు జిల్లాలూ నావే. రక్తంలో చక్కెరను కొలిచినట్టు నొప్పిని కొలిచే మిషన్ లేదు. మనిషి ఏం చెబితే అదే లెక్క.

మగ్గం పని చేసేవాళ్ల మోకాళ్లు ఎట్లా ఉంటాయో మా వాడలో పుట్టినవాడికి ఎవరూ చెప్పనక్కర్లేదు. నడుము దాకా గుంటలో దిగి కూర్చుని, పొద్దంతా కాళ్లతో కర్రలు తొక్కాలి. పెద్దనాయన మా నాయనకు అన్న. యాభై ఏళ్లకు పైగా తొక్కాడు. అందుకే ఈ పరీక్షకు మనుషులు కావాలన్నప్పుడు నేను మొదట వెళ్లింది ఆయన దగ్గరికే. జెల్ గురించి నేను చెప్పినదంతా ఓపికగా విని, "అంటే పడుగు దారాలకు గంజి పట్టించినట్టు కీలుకు గంజి పట్టిస్తరన్నట్టు" అన్నాడు. హైదరాబాదులో రెండు రోజులు కూర్చోబెట్టి మాకు నేర్పినదాన్ని ఆయన ఒక్క ముక్కలో తేల్చేశాడు. తర్వాత ఒక మాట కూడా అన్నాడు. "గంజి మంచిదో కాదో పడుగు చెప్పాలె బిడ్డా, పట్టించినోడు చెప్పొద్దు."

ఆ మాట ఆయన ఊరికే అనలేదు. చీర నేసి షావుకారు ముందు పెట్టేటప్పుడు, ఎక్కడైనా పోగు తప్పి ఉంటే ఆయనే వేలు పెట్టి చూపించేవాడు. షావుకారు కళ్లద్దాలు తీసి తుడుచుకుని పెట్టుకునే లోపే చెప్పేసేవాడు. పెద్దమ్మ కోప్పడేది. కట్టుకునే ఆడమనిషికి కూడా కనపడని తప్పు నువ్వెందుకు చెప్పుకుంటావని అడిగేది. ఆయన జవాబు ఎప్పుడూ ఒకటే: "నాకు కనపడింది గదా." పెళ్లిళ్లకు వెళ్లినా కొత్తచీర కట్టుకున్నవాళ్ల అంచు వైపు చూస్తూ ఉండేవాడు, సంగతి తెలియనివాళ్లు ఏమనుకుంటారో అని పెద్దమ్మ పక్కనే నిలబడి మోచేత్తో పొడిచేది. మొండివాడు. చాయ్‌లో చక్కెర వద్దని డాక్టరు చెబితే, చక్కెర మానేసి బెల్లం వేసుకున్న రకం. కానీ అబద్ధం ఆడగా నేను చూడలేదు, నా కోసం ఆడేదాకా.

సూది వేసే ముందు ఆయన నొప్పి ఎనిమిది. నెల తర్వాత వెళ్లి అడిగాను. నాకు నేర్పించిన వాక్యం ముందుగా అప్పజెప్పాను: తగ్గితే తగ్గిందని, తగ్గకుంటే తగ్గలేదని చెప్పాలి, మాకు రెండూ కావాలి. ఆయన మోకాలిని అరచేత్తో నిమురుకుని ఏడు అన్నాడు.

నేను ఏడు నొక్కాను. నొక్కుతుంటే నా మొహం వాడిపోయింది. దాచుకోవాలన్న తెలివి కూడా లేకపోయింది. సొంత పెద్దనాయనకే పని చేయలేదంటే ఇంక వాడలో ఎవరు నమ్ముతారు, పై డాక్టర్లకు ఏమని చెప్పుకోవాలి అని నా బాధ. ఆయన నొప్పి ఆ నిమిషంలో నాకు గుర్తు లేదు.

"ఏంది, తక్కువ గావాల్నా?" అన్నాడు పెద్దనాయన.

"గట్లేం లేదు. ఉన్నదే చెప్పు" అన్నాను, తల ఎత్తకుండా.

ఆయన నా మొహం వైపు చూశాడు. తర్వాత "రెండు రాసుకో" అన్నాడు.

"నిజంగనేనా?"

"రాసుకోమన్న గదా."

ట్యాబ్‌లో కొట్టివేతలు కనపడవు. ఏడు పోయింది, రెండు వచ్చింది. అది అబద్ధమని నాకు తెలుసు. నేను లేచి వస్తుంటే ఆయన మగ్గం గుంటలోకి దిగబోతూ, కాలును రెండు చేతులతో పట్టుకుని లోపలికి దించుకోవడం చూశాను. చూసి, బయటికొచ్చి చెప్పులేసుకున్నాను. ఆ తర్వాత ప్రతి నెలా రెండే. నేను అడగబోయే లోపే చెప్పేసేవాడు, అదేదో నాకు పెట్టే చాయ్ అయినట్టు.

పాన్‌గల్‌లో, ఉప్పునుంతలలో నేను ఎవరికీ ఏమీ కాను. అక్కడి రైతులు నొప్పి పది అంటారు, మీ సూది నీళ్లపాలు అని కూడా అంటారు. ఒకావిడైతే ఇంకోసారి వస్తే కుక్కను వదులుతానంది. విసుక్కునేవాణ్ని గానీ, నాకు నిజం చెప్పింది వాళ్లే. గద్వాలలో మాత్రం నెలనెలా అందరూ తగ్గిందనే చెప్పారు. మా వాడలో తొమ్మిది మంది సూది వేయించుకున్నారు, ఒక్కరూ మధ్యలో మానలేదు. హైదరాబాదు మీటింగులో పెద్ద డాక్టరు ఆ మాట చెప్పి నన్ను మెచ్చుకుంటే చప్పట్లు కొట్టారు. నేను చేతులు జోడించాను కూడా.

మూడో రోజు, పెద్దనాయన ఇంటి ముందు టెంటు కింద కూర్చున్నప్పుడు, ఎదురింటి అక్క వచ్చి పక్కన కూర్చుంది. ఆమెదీ మగ్గమే, ఆమె కూడా సూది వేయించుకుంది. ఏదో చెప్పాలని వచ్చి, చాలాసేపు చీర కొంగు మడత పెట్టుకుంటూ ఉండిపోయింది.

"మీ పెద్దనాయన మా అందరి ఇండ్లకు తిరిగిండు తమ్మీ" అంది చివరికి. "మన పిల్లగాడు, వాని నౌకరి ఖరాబు గావొద్దు, ఎంతున్నా తక్కువ చెప్పుండ్రి అన్నడు. పెద్దమనిషి మాట ఎట్ల తీసేస్తం? నాకైతే ఎనిమిది తగ్గనేలే."

షావుకారుకు తప్పిన పోగు చూపించే మనిషి, ఆ అరిగిన మోకాళ్లతోనే ఇల్లిల్లూ తిరిగి అబద్ధం చెప్పమని అడిగాడు. ఎంత ఇష్టం లేకుండా అడిగి ఉంటాడో నాకు తెలుసు. నా మొహం చూసి అడిగాడు.

దీనివల్ల ఏమైందో కూడా చెప్పాలి. ఉప్పునీళ్లు ఎక్కినవాళ్లు కూడా తగ్గిందని చెబితే, మంచి మందు అయినా పనికిరానిదని పక్కన పడేస్తారు. జెల్ ఎక్కినవాళ్లు తగ్గకుండానే తగ్గిందంటే, పని చేయని మందు రేపు ఇంకెందరి మోకాళ్లలోకో వెళ్తుంది. మగ్గం మీద కూర్చునేవాళ్ల కోసమని మొదలుపెట్టిన పనిలో, మగ్గం మీద కూర్చునేవాళ్ల నిజమే లేకుండా చేశాను.

ఆ సాయంత్రం పెద్ద డాక్టరుకు ఫోన్ చేశాను. అంతా విని, నీకు ఈ సంగతి ఎప్పుడు తెలిసిందని అడిగాడు. ఇవాళే అని చెప్పొచ్చు. పెద్దనాయన లేడు, అడిగేవాడు లేడు. నాలుక చివరి దాకా వచ్చింది కూడా. "వాడోళ్ల సంగతి ఇవాళ తెలిసింది సార్. మా పెద్దనాయన సంగతి మొదటి నెల నుంచే తెలుసు" అన్నాను. ఆయన తిట్టలేదు. తిడితే బాగుండేది. గద్వాల లెక్కలన్నీ పక్కన పెడతామన్నాడు, ఒక్కొక్కరి అసలు నొప్పి ఎంతో తెలిసినంత వరకు రాసి పంపమన్నాడు. ఇంకోసారి ఆ ఇళ్లకు అడగడానికి నన్ను పంపరట, వేరే మనిషి వస్తాడట. నా ఉద్యోగం సంగతి ఇంకా తేలలేదు. పోయినా ఫిర్యాదు లేదు.

డాక్టరు అంతకుమించి ఏమీ అనలేదు గానీ, పెద్దనాయన పోవడానికీ సూదికీ సంబంధం లేదని మాత్రం రెండుసార్లు చెప్పాడు. నా మనసు కుదుటపడాలని చెప్పి ఉంటాడు. మా పెద్దనాయన మంచితనం లాంటిదే అది. నాకు దానికి అర్హత లేదు.

దినాలు అయ్యాక, టెంటు కిందికి వచ్చినప్పుడు ఎనిమిది మందీ తమంతట తాము చెప్పిన అసలు అంకెలను వాళ్ల పేర్ల పక్కన రాశాను. తొమ్మిదో పేరు దగ్గర ఆగిపోయి, పెద్దమ్మ దగ్గరికి వెళ్లాను. ఆమె చాటలో బియ్యం పోసుకుని రాళ్లేరుతోంది. విషయం దాచకుండా చెప్పాను. సున్నా అంటే ఏమిటో, పది అంటే ఏమిటో వివరించి, పెద్దనాయనకు నిజంగా ఎంతుండేదని అడిగాను.

పెద్దమ్మ చాట పక్కన పెట్టింది.

"నంబర్లు నాకు తెల్వదు బిడ్డా. ఆయన మంచం మీద కూసుంటే, కాలు నేనే లేపి పైన పెడుతుంటి. పెట్టినంక, ఈ సంగతి మన పిల్లగానికి చెప్పకు అంటుండె."

డాక్టరు పంపిన కాగితం ఫారంలో అంకెకు మాత్రమే చోటుంది. నేను గడి ఖాళీగా వదిలి, ఆమె చెప్పిన మాటనే అంచున సన్న అక్షరాలతో రాశాను. రాస్తున్నంతసేపూ పెద్దమ్మ ఖాళీ మంచం వైపు చూస్తూ, ఒళ్లో రెండు చేతులూ వెల్లకిలా పెట్టుకుని కూర్చుంది.