తాళమేసి ఉరికిన పొద్దులు

మా బిడ్డకు నాలుగేండ్లున్నప్పటి సంగతి ఇది. అప్పటికి రెండేండ్ల నుంచి నేను ఇంట్లనే ఉంటున్న. అంతకుముందు భూపాలపల్లిల ఒక కాంట్రాక్టరు దగ్గర సూపర్‌వైజరుగ చేసేటోన్ని. ఆ కాంట్రాక్టు అయిపోయిన నెలలనే నా భార్యకు మహబూబాబాద్ దవాఖానల నర్సుగ పోస్టింగు వచ్చింది. బిడ్డ చిన్నది. ఎవరో ఒకరు ఇంట్ల ఉండాలె. ఆమెది వచ్చిన కొలువు, నాది పోయిన కొలువు. దాని మీద మేము పెద్దగ మాట్లాడుకున్నది కూడ లేదు. సామాను డీసీఎం వ్యానుల ఎక్కించుకుని మహబూబాబాద్ వచ్చినం.

ఇంటి పని నాకు కష్టమనిపియ్యలే. అన్నం, కూర ముందే వచ్చు. బిడ్డకు రెండు జడలేసుడు ఒక నెలల నేర్సుకున్న. కష్టమైందల్లా, ఎవలన్న "ఏం జేస్తున్నవ్" అని అడిగితే జవాబు చెప్పుడు. ఒకసారి జనగామల చుట్టాల పెండ్లికి పోయినం. నేను బిడ్డను సంకల ఎత్తుకుని పెరుగన్నం తినిపిస్తున్న. పక్కన మా బాపు ఎవలికో చెప్తున్నడు: "మావోనిది కంప్యూటర్ పని. ఇంట్ల కూసొనే చేస్తడు." ఆ మనిషి నా దిక్కు తిరిగి, "ఏ కంపెనీ తమ్మీ?" అన్నడు. కాదని చెప్పొచ్చు. నేను "హైదరాబాద్‌ది అన్నా" అన్న. బాపు మొదలుపెట్టిన అబద్ధం ఆ రోజు నాదైపోయింది. మహబూబాబాద్‌ల మేము కిరాయికున్న ఇంటి ఓనరుకు గదే చెప్పిన. కూరగాయల కాడ పరిచయమైనోళ్లకు గదే చెప్పిన.

మా ఇంటి వెనక అర్రల ఒక లంబాడ అవ్వ ఉండేది. గూడూరు దిక్కు తండా నుంచి కొడుకు, కోడలుతో టౌనుకొచ్చింది. వాళ్లిద్దరు పనికి పోతే పొద్దంత ఒక్కతే గడప మీద కూసుండేది. నన్ను చూసి నవ్వేది. నేను తల ఊపి లోపలికి పోయేటోన్ని. మాట కలిపితే ఏం పని జేస్తవని అడుగుతదేమోనని బుగులు.

గట్లున్నప్పుడు భూపాలపల్లి నుంచి పాత దోస్తు ఫోన్ చేసిండు. నెల నెల రక్తం ఎక్కించుకునే పిల్లల కోసం నలుగురు కలిసి మారథాన్ పెడుతున్నరట. ఉరికేటోళ్ల పేరు మీద తెలిసినోళ్లు చందా ఇస్తరు, ఆ పైసలు పిల్లల మందులకు. "నువ్వు కాలేజీల ఉన్నప్పుడు మస్తు ఉరికేటోనివి గద. నలభై రెండు కిలోమీటర్లు. ఆరు నెలల టైమున్నది" అన్నడు. ఒక్క నిమిషం కూడ ఆలోచించలే, సరే అన్న. పిల్లల మీద జాలితోని అన్ననని అందరికి చెప్పిన. నిజమేందంటే, ఇగ ఎవలన్న ఏం జేస్తున్నవని అడిగితే చెప్పెతందుకు నాకొకటి దొరికింది.

పొద్దుగాల కాలేజీ గ్రౌండుకు పోయేటోన్ని. కానిస్టేబుల్ కొలువులకు తయారయ్యే పోరగాండ్లు ఆడ ఉరుకుతుండేటోళ్లు. "అన్నా, నువ్వు దేనికి?" అని అడిగితే, "మారథాన్‌కు. బీమారున్న పిల్లల కోసం" అని చెప్పేటోన్ని. వాళ్లు పక్కకు జరిగి తొవ్వ ఇచ్చేటోళ్లు. ఆ తొవ్వల ఉరుకుతుంటే ఛాతి వెడల్పయినట్టుండేది. రెండేండ్ల తర్వాత నన్నెవలో మొగోని లెక్క చూసిన్రని అనిపించేది. గిట్ల రాసుకోవాలంటే ఇప్పుడు సిగ్గుగున్నది, కానీ అప్పుడు అనిపించింది గదే.

నా భార్యకు పగటి డ్యూటీ ఉన్న వారాలు బాగనే నడిచినయి. నైట్ డ్యూటీ వారం వచ్చిందంటే ఆమె ఇల్లు చేరేసరికి తొమ్మిది కావొస్తది. పొద్దుగాల ఇంట్ల నేను, బిడ్డ ఇద్దరమే. మొదటి నైట్ డ్యూటీ వారం ఉరకలే. గ్రౌండుల పోరగాండ్లు "అన్నా, వారమంత కనవడలే" అన్నరు. రెండో నైట్ డ్యూటీ వారం, ఒక తెల్లారుగట్ల షూ వేసుకుని బిడ్డ దిక్కు చూసిన. బోర్ల పండుకుని గురక పెడుతున్నది. ఏడు దాటితే తప్ప లేవది. తలుపు దగ్గరేసి బయట తాళం పెట్టిన. ఇరవై నిమిషాలు ఉరికి వచ్చిన. అది కదలనన్న కదల్లేదు. తెల్లారి అర్ధగంట పోయిన. ఆ తర్వాత గంట. మొదటి రోజు తాళం పెట్టి, మల్ల తీసి బిడ్డను చూసి పోయిన. నాలుగో రోజు వెనక్కి చూడలే.

గట్ల రెండు మూడు నైట్ డ్యూటీ వారాలల్ల పదకొండు పొద్దులు.

పన్నెండో పొద్దు ఇరవై కిలోమీటర్లు ఉరకాలె. నాలుగున్నరకు తాళమేసి నెల్లికుదురు రోడ్డు పట్టిన. పది కిలోమీటర్లు పోయి వెనక్కి మర్లిన కాసేపటికి కుడికాలు పిక్క పట్టేసింది. రోడ్డు పక్క కూలబడ్డ. ఎంత పిసికినా వదులుత లేదు. టైము చూస్తే ఆరు. కుంటుకుంట నడిచిన. ఆటోలు ఎదురొస్తున్నయి గని టౌను దిక్కు పోయేటివి లేవు.

జేబుల ఫోనున్నది. ఓనరు నంబరున్నది. ఆయనకు ఫోన్ చేసి, ఇంట్ల బిడ్డ ఒక్కతే ఉన్నది, జర చూడుమంటే అయిపోయేది. కానీ ఎందుకు ఒక్కతే ఉన్నదో చెప్పాలె. నా భార్యకు చేస్తే నిమిషంల ఆటో ఎక్కేది. రెండుసార్లు ఆమె నంబరు తీసి రెండుసార్లు ఫోన్ జేబుల పెట్టిన. నా బిడ్డకంటే నా ఇజ్జతే నాకెక్కువైన పొద్దు అది. ఆఖరికి పాలాయన ఒకాయన బండి మీద ఎక్కించుకున్నడు.

ఇల్లు చేరేసరికి ఏడున్నర దాటింది. మా కిటికీ కింద అవ్వ నిలబడి ఉన్నది. ఊచల నుంచి చెయ్యి లోపలికి పెట్టి, వాళ్ల భాషల మెల్లగ ఏదో చెప్తున్నది. లోపల నా బిడ్డ కుర్చీ మీద నిలబడి ఆ చెయ్యిని రెండు చేతులతోని పట్టుకున్నది. అది ఎంతసేపు ఏడ్చిందో మొకం చూస్తెనే తెలుస్తున్నది. లాగు తడిసి ఉన్నది. కుర్చీ కూడ తడిసింది.

అవ్వ నన్ను తిట్టలే. "తలుపు తియ్యి బిడ్డా" అన్నది, అంతే.

తలుపు తియ్యంగనే బిడ్డ నా మీదికి ఉరికొస్తదనుకున్న. రాలే. కుర్చీ దిగి గోడకానుకుని నిలబడి నన్ను చూసింది. నేనే పోయి ఎత్తుకున్న. తానం పోసి, బట్టలు మార్చి, కుర్చీ కడిగిన. గంటల నా భార్య వస్తది. అప్పుడు నేను చేసిన పని, తాళం కంటే పాడు పని. బిడ్డను ముందట కూసోబెట్టుకుని, "మమ్మీకి చెప్పకు, సరేనా?" అన్న. అది తల ఊపింది. "నువ్వు మంచి బిడ్డవు గద" అని కూడ అన్న.

తొమ్మిదికి నా భార్య వచ్చింది. మొకం కడుక్కుని మాతోని తినెతందుకు కూసున్నది. నేను ఉప్మా పెట్టిన. బిడ్డ రెండు ముద్దలు తిన్నది. మూడో ముద్ద నోట్లె పెట్టుకోకముందే, ఎవలూ అడగకుంటనే, చెప్పింది.

"మమ్మీ, డాడీ నన్ను లోపల పెట్టి తాళం వెయ్యలే."

నా భార్య చేతిల ముద్ద గట్లనే ఆగింది. బిడ్డ నా దిక్కు చూసింది. చెప్పినట్టే చేసిన గద అన్నట్టున్నది ఆ చూపు. నాకు నేల మీది నుంచి కన్ను లేవలే.

బిడ్డ ఆడుకునెతందుకు బయటికి పోయినంక నా భార్య అడిగింది.

"ఎన్ని పొద్దులు గట్ల పోయినవ్?"

"పన్నెండు."

"దవాఖానకు గిట్లాంటి పిల్లలొస్తరు. అగ్గి అంటుకున్నోళ్లు, మీద ఏదో పడ్డోళ్లు. తల్లిదండ్రులు ఎటు పోయిన్రని అడిగి రాసుకునేది నేనే." ప్లేట్లు ఒకదాని మీద ఒకటి పెట్టింది. "వెనక అవ్వ ఉన్నది గద. జర బిడ్డ కాడ పండుకో అవ్వా అంటే కాదంటదా?"

"అడగలే."

"ఎందుకు?"

చెప్పిన. అడగాలంటే బిడ్డను చూసుకునేటోన్ని నేనేనని చెప్పాలె. కంప్యూటర్ పని లేదని చెప్పాలె. పొద్దంత నేనేం జేస్తున్ననో చెప్పాలె. ఆమె మొత్తం విన్నది. తర్వాత, "నా జీతంతోని బతుకుడు నీకంత సిగ్గా?" అన్నది. కోపంగ అనలే. అలసిపోయి అన్నది. ఆమె లేచి పోయి పండుకున్నది. పండుకున్నదేగని నిద్ర పోలేదని అర్ర బయట కూసున్న నాకు తెలుస్తనే ఉండె.

సాయంత్రం అవ్వ కాడికి పోయిన. గడప మీద ఆమె పక్కన కూసుని మొత్తం చెప్పిన. కంప్యూటర్ సంగతి చెప్తుంటే ఆమె నవ్వింది.

"గోడ గింతే మందం. పొద్దంత బోళ్లు తోముడు, బట్టలు ఉతుకుడు నాకినవడదా బిడ్డా? నువ్వు పాట పాడి దాన్ని పండుకోబెడుతవ్ గద, ఆ పాట కూడ ఇంటున్న."

తర్వాత నవ్వు ఆపి చెప్పింది. "పొద్దుగాల అది ఏడుస్తుంటే నాకు నా పిల్లలు యాదికొచ్చిన్రు. మిరపకాయ తెంపెతందుకు పోయినప్పుడు నేను కూడ గుడిసెల తాళమేసి పోయిన. నాకు గతి లేక పోయిన. నీకేమైంది?"

గంత సూటిగ నన్నెవలూ అడగలే. అప్పటి నుంచి నైట్ డ్యూటీ వారాలల్ల అవ్వ మా ఇంట్లనే పండుకున్నది. అవ్వను అడిగింది నా భార్యే. ఉరుకుడు మానేస్తనన్న గని నా భార్య ఒప్పుకోలే. "నీ పేరు మీద మా వార్డుల అందరు చందా ఇచ్చిన్రు. ఉరుకు" అన్నది.

భూపాలపల్లికి ముగ్గురం పోయినం. తెల్లారంగనే ఉరుకుడు మొదలు. అంతకుముందు ఒక తల్లి తన బిడ్డను తీసుకుని ఉరికేటోళ్ల దగ్గరికి వచ్చింది. ఆ పిల్లకు ఆరేడేండ్లుంటయి, పాలిపోయి ఉన్నది. ఆమె ఒక్కొక్కరికి దండం పెడుతున్నది. నా ముందటికొచ్చి, "మా పిల్లల కోసం ఉరుకుతున్నరు, మీ పిల్లలు సల్లగుండాలె అన్నా" అన్నది. తిరిగి దండం పెట్టెతందుకు నేను చేతులెత్తలేకపోయిన. పక్కన నా భార్య ఆ పిల్లకు నీళ్ల సీసా మూత తీసిస్తున్నది. ఆ మాట విన్నదో లేదో తెల్వది.

రేగొండ దాక పోయి తిరిగొచ్చిన. ఆఖరి పది కిలోమీటర్లు నడిచిన. నేను చేరేసరికి షామియానా విప్పుతున్నరు, కుర్చీలు ట్రాలీల ఎక్కిస్తున్నరు. దోస్తు నా మెడల ఏదో పతకం వేసి ఫోటో తీసిండు. దాన్ని బ్యాగుల పెట్టిన. అది ఇప్పుడు ఏడున్నదో నిజంగ తెల్వది.

నాకు యాదికున్నది తర్వాత జరిగింది. అప్పటి నుంచి నైట్ డ్యూటీ ఉన్నప్పుడల్లా, పొద్దుగాల అయిదున్నరకు నా భార్య వీడియో కాల్ చేసేది. అంతకుముందు ఎన్నడు చెయ్యలే. "ఏం లేదు, ఊకెనే" అనేది. ఏం చూస్తున్నదో ఆమె చెప్పలే, నేను అడగలే. అవ్వ మా ఇంట్లనే పండుకునేది, అయినా కాల్ వచ్చేది. నేను ఫోనును మెల్లగ బిడ్డ మొకం మీదికి తిప్పేటోన్ని. ఆమె కాసేపు చూసి పెట్టేసేది. గట్ల ఏడాది దాటింది.

మొన్నటి నైట్ డ్యూటీ వారం, మొదటి రోజు కాల్ రాలే. రెండో రోజు కూడ రాలే. మూడో రోజు అయిదున్నరకు నేనే చేసిన. ఎత్తంగనే ఏం చెప్పాలెనో తెల్వక ఫోను బిడ్డ దిక్కు తిప్పిన.

"పేషెంట్ ఉన్నడు, పెట్టెయ్యి. అది పండుకునే ఉంటది గద" అన్నది.

పెట్టేసి, చాయ పెట్టెతందుకు లేచిన.