పది తీగలు, గోరంత మర

మేము కొత్తగా కాపురం పెట్టిన రోజుల్లో వస్తువు పాడైతే బాగుచేసుకునేవాళ్ళం. బాగున్నదాన్ని కూడా ఇంకాస్త బాగుచేసేవాళ్ళం. కొంప మీదికి వచ్చేది ఈ రెండో అలవాటుతోనే. ఇప్పుడు మా మనవరాలు చార్జరు వైరు కాస్త చిట్లితే చాలు కొత్తది కావాలంటుంది, నేను దారం చుట్టి ఇస్తాను, అది మూతి తిప్పుకుంటుంది. అయితే వస్తువులను కాపాడే విషయంలో నా చరిత్ర కూడా అంత చెప్పుకోదగ్గది కాదు. నాలుగో తరగతితో బడి మానేసినదాన్ని, కల్పించి రాయడం నాకు చేతకాదు, జరిగింది జరిగినట్టే రాస్తున్నాను.

దిల్‌సుఖ్‌నగర్ గల్లీలో ఒక గదీ వంటిల్లూ కిరాయికి తీసుకుని ఉండేవాళ్ళం. మా ఆయన పగలు ఎల్బీనగర్‌లో లేత్ మిషన్ షెడ్డులో పని, సాయంత్రాలు ఎవరు పిలిస్తే వాళ్ళ పెండ్లిలో గిటార్. ఒకనాడు ఆటోలో ఒక పెట్టె దింపి, దానికి నాలుగు కాళ్ళు బిగించి గది నడుమ నిలబెట్టాడు. చూస్తే ఇస్త్రీ బల్లలా ఉంది. కింద కుట్టు మిషన్‌కు ఉన్నట్టు తొక్కే పెడళ్ళు, మోకాలితో నెట్టడానికి ఇనుప కడ్డీలు, పైన పది తీగలు. (ఇస్త్రీ చేయాలా, బట్టలు కుట్టాలా అని నిజంగానే అడిగాను. నవ్వకండి, మీరైనా అడుగుతారు.) "ఇది స్టీల్ గిటారే. కూసోని వాయిస్తరు. కండ్లు కనబడక ఒక పెద్దమనిషి అమ్మేసిండు," అన్నాడు. రెండు చేతులు, రెండు కాళ్ళు, రెండు మోకాళ్ళు అన్నీ పని చేస్తేనే అది ఒక్క పాట పాడుతుంది. ఇంత మందితో ఒక్క పాటేంది అని నాకు ఒకటే పరేషాన్.

నెల తిరగకుండానే ఒక ఆర్కెస్ట్రా మాస్టర్ కబురు పెట్టాడు. నెత్తి మీద టోపీ తీయగా ఎవరూ చూడలేదు కాబట్టి అందరికీ ఆయన టోపీ మాస్టర్. రేపు నాలుగు గంటలకు కర్మన్‌ఘాట్ ఫంక్షన్ హాలుకు వచ్చి వాయించి చూపించు, నచ్చితే మా ట్రూపులో పక్కా మనిషివి, లేకుంటే కీబోర్డు పిల్లగాడిని పెట్టుకుంటా అన్నాడట. మా ఆయనకు ఆ రాత్రి నిద్ర లేదు. పొద్దున షెడ్డుకు పోతూ, "తీగలు తుప్పు పట్టినయి. ఇయ్యాల్టికి ఎట్లనో ఎళ్ళిపోతది, తర్వాత కొత్తయి ఎయ్యాలె," అన్నాడు. ఆ మాట ఆయన తనలో తాను అనుకున్నాడు. నేను నాకు చెప్పాడనుకున్నాను.

తుప్పంటే గుర్తొచ్చేది కిరసనాయిలు. దానికి కొత్త తీగలెందుకు? ఆయన అటు పోగానే, స్క్రూలు తిప్పడానికి పెట్టెలో వచ్చిన కీ తీసుకుని పది తీగలూ ఊడదీసి, వరుస తప్పకుండా పేపరు మీద పరిచి (ఆ మాత్రం తెలివి ఉంది నాకు), చింతపండు, కిరసనాయిలు పెట్టి తోమితే తళతళ మెరిశాయి. మళ్ళీ ఎక్కించేటప్పుడు మా ఊళ్ళో నులక మంచం ఎట్లా అల్లుతారో అట్లా చేశాను. మంచానికి నులక ముందు వదులుగానే అల్లుతారు, ఆఖరున కాళ్ళ దిక్కు తాడు గుంజితే మంచమంతా బిర్రుగా అవుతుంది. ఇక్కడా ఒక్కో తీగ కొసను ఒక్కో చిన్న ఇనుప కొక్కేనికి బిగించి, వెనక ఉన్న స్క్రూ తిప్పితే అదే గుంజుకుంటుంది కదా అని వదిలేశాను. వదులంటే, వాటి మీద బట్టలారేయొచ్చు.

రెండు గంటలకు ఆయన వచ్చాడు. చూశాడు. స్క్రూ తిప్పాడు. తిప్పాడు, తిప్పాడు, టక్కుమని ఆగిపోయింది. తీగ అట్లాగే వేలాడుతోంది.

"మరి తిప్పు," అన్నాను.

"ఏడికి తిప్పుడు? అయిపోయింది."

"అప్పుడే అయిపోవుడేంది? మర కదా అది?"

మామూలు గిటారుకు తల దగ్గర చెవులుంటాయట, తిప్పినకొద్దీ తీగ దాని చుట్టూ చుట్టుకుంటుందట. దీనికి చెవులు లేవు. స్క్రూ తిప్పితే కొక్కెం గోరంత దూరం వెనక్కి జరుగుతుంది, ఆ గోరంతలోనే శ్రుతి. ముందు చేత్తో గుంజి బిర్రుగా చేసి బిగించాలి, మర ఉన్నది కొసరు సవరించుకోవడానికి మాత్రమే. "అంత తక్కువ తిరిగేదాన్ని ఎవడు చేసిండు? ఇంకో జానెడు పొడుగు పెడితే వాని సొమ్మేం పోయింది?" అని అడిగాను. ఆయన కీ కింద పడేసి నెత్తి పట్టుకున్నాడు.

చప్పుడుకు ఇంటి ఓనరమ్మ వచ్చింది. వాళ్ళది గుంటూరు వైపు. "అదేంటమ్మాయ్, పాపం ఉన్నపళంగా వీణ విప్పేశావా?" అంది.

"వీణ కాదు పిన్నిగారు, స్టీల్ గిటార్," అన్నాడు ఆయన, ఏడవలేక.

"ఏదైతేనేం బాబూ, పట్టకారు తెస్తానుండు."

ఆమె నా నడుం పట్టుకుంటే నేను పట్టకారుతో తీగ గుంజాను, ఆయన బిగించాడు. "జర గట్టిగ గుంజు... తెగొద్దు!" "గట్టిగ గుంజాలెనా, తెగొద్దా? ఒక్కటి చెప్పు!" "రెండూ!" తొమ్మిది తీగలు శ్రుతికొచ్చాయి. పదోది, అన్నిటికన్నా సన్నది, టంగుమని తెగి ఓనరమ్మ కొప్పులో చిక్కుకుంది.

కీ నా కొంగున కట్టుకుని నేనూ హాలుకు పోయాను. తొమ్మిది తీగలతోనే ఆయన వాయించాడు. నాకు సంగీతం తెలియదు, కానీ హాలు ఊడ్చే ఆమె చీపురు ఆపి నిలబడింది. అంతలో ఒక తీగ మెల్లగా జారి, పాట కాస్తా దూడ అరుపయింది. ఆయన కనుబొమ్మ ఎగరేశాడు. బిగించమన్నాడని గబగబా వెళ్ళి తిప్పాను. వదులయ్యే దిక్కుకు తిప్పాను.

టోపీ మాస్టర్ చెయ్యెత్తాడు. "ఈ తీగలు ఎవరెక్కించిన్రయ్యా?"

"నేనే సార్," అన్నాడు మా ఆయన.

"చెయ్యి మంచిగున్నది. కానీ తీగ కట్టుడు రానోడివి స్టీల్ గిటార్ ఎట్ల పట్టినవ్? సిగ్గుండాలె జర! ఐతారం ప్రోగ్రాం ఉన్నది. పదికి పది కొత్త తీగలేసుకోని రా. కీబోర్డు పిల్లగానికి వద్దని చెప్త," అన్నాడు. మా ఆయన తలూపాడు. నేను గోడకు ఆనుకుని చీర అంచు నలుపుతూ నిలబడ్డాను.

ఆటోలో అడిగాను. "నా పేరు చెప్పొచ్చు కద? నీ మర్యాద ఎందుకు తీసుకున్నవ్?"

"నీ పేరు చెప్తే ఆయన నిన్ను తిడతడు. తిడితే నువ్వు ఊకుంటవా? వచ్చిన చాన్సు అక్కడికక్కడే పోతుండె," అన్నాడు.

ఇప్పుడు ఇంట్లో నా నోటికి అందరూ భయపడతారు, భయపడాలి కూడా. కానీ ఆ గోడకు ఆనుకుని నిలబడ్డ పిల్ల గుర్తొస్తే నాకే వింతగా ఉంటుంది. తప్పంతా తనదే, తిట్లన్నీ ఆయనవి, అయినా పెదవి విప్పలేదు. అంతసేపు నేను మాట్లాడకుండా ఎట్లా ఉన్నానో, ఇన్నేళ్ళయినా నాకు అర్థం కాదు. ఆయనను అడిగితే, "నాకు గూడ సమజ్ కాలే. మళ్ళ ఎన్నడు చూడలే కద," అంటాడు.