ముందు ఎకో

ఆమెను మేమంతా అక్కా అనేవాళ్లం. రేపల్లె నుంచి రోజూ రైల్లో తెనాలి వచ్చి, మా ఆఫీసులో రైస్ మిల్లుల బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చూసేది. విండోస్ కంప్యూటర్లలో కమాండ్లు టైపు చేసి వాడే లినక్స్ తరహా ఉచిత టూల్స్ పెట్టించింది ఆమే.

"ఊరికే వచ్చినవాటిని నమ్మి మిల్లుల డేటా మీద పెడతావా అమ్మా?" అని ఓనరుగారు గొణిగేవారు.

అక్క మాత్రం ఏ కమాండుకైనా ముందు 'ఎకో' అని చేర్చేది. అప్పుడు కంప్యూటరు ఆ పని చెయ్యదు. చెయ్యబోయేది వరుసలుగా చూపించి ఊరుకుంటుంది.

ఒకరోజు వేమూరు మిల్లువాళ్ల 'బిల్స్ ఓల్డ్' అనే పాత ఫోల్డరు తీసెయ్యాల్సి వచ్చింది. ఓనరుగారు వెనకే నిలబడి, "కానియ్యమ్మా, కానియ్యి" అంటున్నారు. అక్క ఫోల్డరుకో వరుసగా నడిచే కమాండు రాసి, ముందు ఎకో పెట్టి ఎంటర్ నొక్కింది. ఒక వరుస రావాల్సిన చోట రెండొచ్చాయి. పేరు మధ్య ఖాళీ ఉండటంతో కంప్యూటరు దాన్ని రెండు ఫోల్డర్లనుకుంది: 'బిల్స్' ఒకటి, 'ఓల్డ్' ఒకటి. 'బిల్స్' అంటే మిల్లు ఇప్పుడు వాడుతున్న లెక్కలన్నీ!

ఓనరుగారి మొహాన కత్తివాటుకు నెత్తుటి చుక్క లేదు.

"ఏంటమ్మా, నువ్వు కూడా తప్పు రాస్తావా?"

"రాస్తానండి. అందుకేగా ముందు చూసుకునేది," అంది అక్క, తీరిగ్గా కమాండు సరిచేస్తూ.

సరిచేశాక కూడా, ముందు ఎకోనే పెట్టింది.