పదకొండు కాగితపు కప్పులు

2023 సెప్టెంబరు మూడు, ఆదివారం, ఉదయం పది గంటల ఇరవై నిమిషాలకు ఆ అమ్మాయి ఎటోబికోలోని మా ఇంటి తలుపు తట్టింది. మా బేస్‌మెంట్‌లో ఖాళీ అయిన గది చూడడానికి వచ్చింది. కాలేజీలో చేరడానికి వచ్చి అప్పటికి వారమట; ఆ వారమంతా మరో ఐదుగురితో ఒకే గదిలో సర్దుకుందట. ఆ రోజుల్లో మా వైపు ఏ బస్సు ఎక్కినా ఇలాంటి పిల్లల తెలుగే వినిపించేది.

నేను మూడు ప్రశ్నలు వేశాను: ఏ ఊరు, ఇంటిపేరేమిటి, ఊళ్ళో ఇల్లు ఎటువైపు. పాతికేళ్ళుగా ఈ దేశంలో ఉన్నా, ఈ మూడింటినీ నేను మర్యాద ప్రశ్నలుగానే లెక్కవేసుకుంటూ వచ్చాను.

"నల్లగొండ దిక్కు అంకుల్. ఇల్లు ఊరి చివర, బస్సు తిరిగే కాడ," అంది. ఇంటిపేరు కూడా చెప్పింది. మంగళవారం సామాను తెచ్చుకుంది.

మరుసటి ఆదివారం నుంచి ఆమె పది గంటలకు కాఫీకి పైకి రావడం, నేను నా డైరీలోంచి రెండు పేజీలు చదవడం అలవాటైంది. మా పిల్లలకు తెలుగు చదవడం రాదు. నేను డైరీ తెరవగానే ఇంగ్లీషులో క్షమాపణ చెప్పి లేచిపోతారు. నా భార్య, అవన్నీ జరుగుతున్నప్పుడే చూశాను, మళ్ళీ వినడమెందుకంటుంది. ముప్పై ఒక్క సంపుటాల డైరీకి లభించిన ఏకైక శ్రోత ఆ అమ్మాయి. నవ్వవలసిన చోటే నవ్వేది. ఆమెను పోగొట్టుకోకూడదని నాకు బలంగా ఉండేది.

డిసెంబరు రెండున మా తెలుగువారి సమావేశంలో నేను ఒక ఉపన్యాసం ఇవ్వవలసి ఉంది. విషయం: మానవ సమాజం నిజంగా ముందుకు నడిచిందా? నడిచిందని నా సమాధానం. ఆ సమాధానం పద్నాలుగు పేజీలు. నవంబరు పంతొమ్మిది, ఆదివారం, దానిని ముందుగా ఆమెకు వినిపించాను. తొమ్మిదో పేజీలో నాకెంతో నచ్చిన భాగం ఉంది: "నా చిన్నతనంలో టీ బడ్డీల్లో కొన్ని కులాల వారికి వేరే గ్లాసు ఉండేది. నేడు ఆ గ్లాసు లేదు. ఒక జాతి ఎంత దూరం నడిచిందో కొలవడానికి ఇంతకంటే మరో కొలబద్ద అక్కరలేదు." చదివి, మెచ్చుకోలు కోసం తలెత్తాను.

"ఆ గ్లాసు ఏడికి పోయింది అంకుల్?" అంది.

"కాలగర్భంలో కలిసిపోయిందమ్మా."

ఆమె తన చేతిలోని కాగితపు కప్పును ఒకసారి తిప్పి చూసింది. నా చేతిలో, నా భార్య చేతిలో స్టీలు గ్లాసులున్నాయి.

"మా తాత తాగినంక ఆయన గ్లాసు ఆయనే కడిగి బోర్లిచ్చేటోడంట. నాకు ఆ పని గూడ లేదు, పారేస్తే అయిపాయె. ప్రోగ్రెస్సే అంకుల్."

"అయ్యో, అదేం కాదమ్మా. డిష్‌వాషర్ పాడైంది కదా, అందుకని," అన్నాను.

"సరే అంకుల్," అని కప్పు చెత్తబుట్టలో వేసి కిందికి వెళ్ళిపోయింది.

"డిష్‌వాషర్ పాడైంది మూడు రోజులేగా," అంది నా భార్య. "డైరీ చూసుకోండి, అందులో ఉంటుంది."

నన్ను నేను సమర్థించుకునేందుకే డైరీ తెరిచాను. దురదృష్టవశాత్తు నేను తేదీలు తప్పు రాసే మనిషిని కాను. అక్టోబరు 24: డిష్‌వాషర్ పాడైనది. అక్టోబరు 27: బాగైనది. వెనక్కి తిప్పాను. జూన్ 11: కింద అద్దెకున్న అబ్బాయిలిద్దరికీ స్టీలు గ్లాసుల్లో కాఫీ, రెండేసి సార్లు. సెప్టెంబరు 3: అమ్మాయి ఇంటిపేరు పోల్చుకోలేకపోతిని, విచారించవలెను. సెప్టెంబరు 8: హాలిఫాక్స్‌లోని నల్లగొండ మిత్రునికి ఫోను, పదకొండు నిమిషాలు, విషయం తెలిసినది. సెప్టెంబరు 9: కాగితపు కప్పులు, యాభై, ఒక ప్యాకెట్టు.

ఆ పేజీల్లో ఎక్కడా నేను కారణం రాయలేదు. రాయనవసరం లేనంత క్రమంలో ఉన్నాయి తేదీలు.

నవంబరు 26, ఆదివారం. ఆమె వస్తుందనుకోలేదు. పది గంటలకు వచ్చింది, తన స్టీలు గ్లాసు తనే తెచ్చుకుని. నేను అప్పటికే ఆరు గ్లాసులు తోమి బల్ల మీద వరసగా పెట్టి ఉంచాను.

"ఇందులో పోస్తానమ్మా."

"నా గ్లాసు నాకుంది అంకుల్."

ప్రాయశ్చిత్తంగా నా కాఫీ కాగితపు కప్పులో పోసుకున్నాను. మనసులో కొంత గొప్పగా కూడా అనిపించింది.

"ఇప్పుడు గూడ రెండు రకాలే గదా," అంది.

కప్పు బల్ల మీద పెట్టాను. "డిష్‌వాషర్ మాట అబద్ధమమ్మా. డైరీలో ఉంది," అన్నాను.

"చదువుండ్రి మరి. ఆదివారమే గదా."

చదివాను. ఫోను సంగతి, పదకొండు నిమిషాలతో సహా. ఆమె మధ్యలో నవ్వలేదు, ఆపలేదు. అయిపోయాక, "తేదీలు మాత్రం కరెక్టుగ రాసిండ్రు," అని లేచింది. సింకు దగ్గర తన గ్లాసు కడుక్కుని, తుడుచుకుని, పట్టుకుని వెళ్ళింది. మళ్ళీ ఆదివారాలు రాలేదు.

జలుబు చేసిందని ఉపన్యాసం మానుకున్నాను. నా బదులు ఎవరో ఇంటి రుణాల మీద మాట్లాడారట. నాకు వస్తారనుకున్న దానికంటే జనం ఎక్కువగా వచ్చారట.

డిసెంబరు 23, శనివారం, ఆమె బస్సులో గంటన్నర దూరమున్న కేంబ్రిడ్జ్‌లోని స్నేహితురాళ్ళ ఇంటికి మారిపోయింది. తాళంచెవి నా చేతికి ఇచ్చింది. కాఫీ తాగి వెళ్ళమన్నాను. "బస్సుకు టైమైతుంది అంకుల్," అంది. నిజమే, టైమైంది, నేను గడియారం చూశాను.

పోయినవి: ఉపన్యాసం, పద్నాలుగు పేజీలు, శ్రోత, ఒకరు.

ఉన్నవి: స్టీలు గ్లాసులు, ఆరు, కాగితపు కప్పులు, ముప్పై ఎనిమిది, సెప్టెంబరు తొమ్మిదో తేదీ పేజీ, ఒకటి, కొట్టివేతలు లేకుండా.