గోటి మీద పువ్వు

పక్షుల శరణాలయంలో వలస కొంగలను చూసి వస్తా, ఆ సాయంత్రం మొరప్పూర్ స్టేషన్లో రైలు కోసం కూర్చున్నాను. ఒక్కణ్ణే పోయినాను. అక్కడ అందరూ పక్కవాళ్ళకు వేలెత్తి కొంగలను చూపించుకొంటా ఉండినారు. నేను చూసి ఊరికే ఉండినాను. పొద్దున్నుంచి నోరు తెరిచింది టికెట్ అడిగేదానికే.

బెంచీ మీద నా పక్కన ఒకామె ఉండింది. కట్టడం పని ముగించుకొని వచ్చినట్టుంది, చీర అంచుకు సిమెంటు అంటుకొని ఉంది. రైలు లేటా అని తమిళంలో అడిగింది. అవునని నేనూ తమిళంలోనే చెప్పినాను.

అంతలో పట్టాల మీదుగా కొంగల గుంపొకటి పోయింది. ఆమె అన్నం క్యారియరు కింద పెట్టి, పది వేళ్ళూ ఆకాశానికి చాపి, "కొంగలారా, పోతా పోతా నా గోటికొక పువ్వు ఏసిపోండమ్మా" అనింది, తెలుగులో. అట్లా అడిగితే గోటి మీద తెల్లచుక్క పడుతుందని చిన్నప్పుడు మా అమ్మ కూడా చెప్పేది. అమ్మ పోయినాక నాతో తెలుగు మాట్లాడేవాళ్ళు లేరు.

"మీ ఇంట్లో తెలుగే మాట్లాడతారా అక్కా?" అన్నాను.

"ఇంట్లో ఇంకెవరుండారు నాయనా," అనింది, ఆకాశం మీంచి చూపు తిప్పకనే. "నువ్వూ చెయ్యి చాపు. పోతాండాయి."

చాపినాను. రైలొచ్చినాక ఆమె ఆడవాళ్ళ పెట్టెలోకి ఎక్కి పోయింది.

కొన్నాళ్ళకు నా బొటనవేలి గోటి మీద తెల్లచుక్క కనబడింది. చూపించేదానికి ఇంట్లో ఎవరూ లేరు. చుక్క గోటితో పాటే పెరిగి కొసకు వచ్చింది. తక్కిన గోళ్ళన్నీ కత్తిరించుకొన్నాను. అదొక్కటి ఇంకా అట్లే ఉంది.