లతీఫ్ కట్టిన చీటీలు

వికారాబాద్ స్టేషన్ పక్కన నిజాం కాలపు గూడ్సు షెడ్డులో లతీఫ్ ఇరవై ఆరేళ్లు మూటలకు చీటీలు కట్టాడు. ఎవరు పంపారు, ఎవరికి చేరాలి, అంతే. చీటీ లేని మూట కనబడితే ఆయనకు అన్నం సహించేది కాదు. భార్య అలీమాబీ ఎంత ఎత్తిపొడిచినా మారలేదు. ఇంట్లో ఊరగాయ జాడీలకు కూడా చీటీలు కట్టిన మహానుభావుడు.

షెడ్డు మూతపడింది. పెచ్చులూడిన గోడలకు సున్నం కొట్టి, పెంకులు మార్చి, 1984లో అందులో లంబాడీ కళల మ్యూజియం పెట్టారు. రిటైరైన లతీఫ్‌నే కాపలాకు పిలిచారు. తీరా చూస్తే అద్దాల లంగాలు, గవ్వల సంచులు వరసగా వేలాడుతున్నాయి గానీ, వాటి కింద అట్టల మీద ‘లంబాడీ లంగా, పెద్దేముల్ ప్రాంతం’ అని తప్ప కుట్టిన మనిషి ఊసే లేదు. లతీఫ్‌కు ఒళ్లు మండింది. సెలవు దొరికినప్పుడల్లా తండాలు తిరిగి, ఏది ఎవరు కుట్టారో, ఎవరికి చేరాలో అడిగి, ఒక్కోదానికి పాత పద్ధతిలోనే చీటీ కట్టాడు.

తనిఖీకొచ్చిన పై అధికారి పాండురంగం సారుకు అవి కంట్లో నలుసులయ్యాయి. ఇది మ్యూజియమా, పార్సెల్ ఆఫీసా అన్నాడు. మర్నాటికి విప్పకపోతే కొలువు మానుకుని ఇంటికి పొమ్మన్నాడు.

మర్నాడు లతీఫ్ కత్తెర పట్టుకున్నాడే గానీ చెయ్యి ఆడలేదు. అప్పుడే ఒక తండా నుంచి సోనీబాయి వచ్చింది. తల్లి పోయాక, తాను అత్తవారింట ఉండగా అన్నలు తల్లి లంగాను మ్యూజియంకు ఇచ్చేశారట. ఆ ఎర్రలంగా మీది చీటీలో ఏముందని అడిగింది. ‘పంపినది ధాన్లీబాయి. చేరవలసినది కూతురు సోనీబాయి’ అని లతీఫ్ చదివాడు. ఆమె ఆ చీటీని రెండు చేతులతో పట్టుకుంది. అక్షరం రాని ఆమె, తల్లి పేరును అలా చూస్తూంటే లతీఫ్‌కు ఏడుపొచ్చింది.

ఇంతలో సారు రానే వచ్చాడు. ఇంకా విప్పలేదేమని గద్దించాడు.

“రైల్వేల ఒక్కటే రూలు సార్,” అన్నాడు లతీఫ్. “సామానుగల్లోళ్లు వచ్చి తీస్కపోయేదాక చీటీ ఇప్పొద్దు. గిప్పుడు ఇప్పమంటే, గీ లంగా ఈమెకిచ్చి ఇప్పుత.”

సోనీబాయి ఆ మాట నిజమనుకుంది. ముసుగు చెంగు రెండు చేతులా చాచింది.

సారు ఆ చెంగును చూశాడు. చీటీలు ఉండనీ అని గొణిగి వెళ్లిపోయాడు.

లతీఫ్ కత్తెర పక్కన పెట్టి నవ్వుతూ తిరిగాడు. చెంగు ఇంకా చాచే ఉంది.

“మా యాడిది, మా అమ్మది, ఇస్తవా సాబ్?” అంది సోనీబాయి.

చేరవలసిన మనిషి ఎదురుగా నిలబడి ఉండగా సామాను ఇవ్వలేకపోవడం ఇరవై ఆరేళ్ల కొలువులో లతీఫ్ ఎరగడు.