టైరు చెంప మీద అదనపు బొట్టు

నా చిన్నప్పుడు మా ఇంట్లో పిల్లలకు కొత్త గౌన్లు వచ్చినా రాకపోయినా, మా లారీకి మాత్రం పసుపు కుంకుమలు తప్పేవి కావు. కొడవలూరు దగ్గర, హైవేకు ఆనుకుని ఉన్న పల్లె మాది. మా నాయన ఒక పాత లారీలో పొలాల నుంచి మిల్లుకు వడ్ల బస్తాలు తోలేవాడు. దూరం వెళ్లే పని ఉంటే ముందురోజు సాయంత్రం లారీ కడిగేవాడు. చక్రాలకు బొట్లు పెట్టడం నా వంతు. ఆ పసుపు గిన్నె ఇంకెవరైనా ముట్టుకుంటే ఇల్లు పీకి పందిరి వేసేదాన్ని.

ఆ ఏడు కార్తీక పౌర్ణమికి మా వీధి వీధంతా మా లారీలోనే మైపాడుకు సముద్రస్నానానికి పోవాలని నిర్ణయమైంది. అప్పటికి నాకు పదేళ్లు. సముద్రం మాకు గట్టిగా గంటన్నర దూరం. అయినా నేను చూడలేదు. ఒక ఏడు నాకు తట్టు పోసింది, మరో ఏడు వాయుగుండం పట్టింది, ఇంకో ఏడు లారీ మూలన పడింది. నా ఈడు పిల్లలు గవ్వలు తెచ్చి చూపిస్తుంటే నాకేమీ పట్టనట్టు తల తిప్పుకుని, ఇంట్లోకి పోయి ఏడ్చేదాన్ని. ఈసారి కూడా ప్రయాణం తప్పితే ఇక బతకననే అనుకున్నాను.

ముందురోజు సాయంత్రం పసుపు ముద్ద కలుపుకుని పనికి కూర్చున్నాను. నా బొట్లకు ఒక లెక్క ఉండేది. బొట్టుకూ బొట్టుకూ మధ్య నా జానెడు దూరం. అంతకు అంగుళం తగ్గినా నాకు నచ్చేది కాదు. అలా కొలుచుకుంటూ ముందువైపు ఎడమ చక్రం దగ్గరికి వచ్చేసరికి టైరు పక్కన ఒక కోత కనిపించింది. నా వేలంత పొడుగుంది. రాయి అంచు గీరుకుందో ఏమో, పెదవి విచ్చుకున్నట్టు రబ్బరు విచ్చుకుని, లోపల తెల్లటి దారాలు కనిపిస్తున్నాయి. అంత ముచ్చటగా అలంకరించిన చక్రానికి అది వికారంగా అనిపించింది. కోతలో పసుపు కూరి, పైన రూపాయి బిళ్లంత బొట్టు పెట్టాను.

వికారంగా ఉందనే పెట్టానని చాలా కాలం నాకు నేనే చెప్పుకున్నాను. ఈ వయసులో ఇంకా బుకాయించడం ఎందుకు? చెబితే ప్రయాణం ఆగిపోతుందేమోనన్న భయం కూడా ఆ పసుపులో కలిపే కూరాను.

తెల్లారేసరికి లారీ నిండింది. పులిహోర క్యారేజీలు, మార్చుకోవడానికి బట్టల మూటలు, చంకల్లో పిల్లలు, ముప్పైమందికి తక్కువ లేరు. అమ్మ తమ్ముణ్ణి ఒళ్లో పెట్టుకుని క్యాబిన్లో ఎడమవైపు కూర్చుంది. నాయన కొబ్బరికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, వాటి మీదుగా లారీ నడిపాడు. అందరూ గోవింద కొట్టారు. నిమ్మకాయలు చితికిన చప్పుడు విని నా గుండె కుదుటపడింది. ఇక ఏ గండమూ లేదనుకున్నాను.

హైవే ఎక్కగానే గాలి చూపించుకోవడానికి సాయిబు తాత రేకుల కొట్టు దగ్గర ఆగాము. ఆయన మాకు చుట్టం కాదు గానీ మా నాయనకు మామ, నాకు తాత. మాటలు వచ్చినప్పటి నుంచీ అలాగే పిలిచాను. జీవితమంతా టైర్లతోనే గడిపిన మనిషి. టైరుకు కూడా ఒళ్లుందన్నట్టు మాట్లాడేవాడు. నేలను తాకే భాగం ఆయన లెక్కలో అరికాలు, పక్క భాగం చెంప. ఎవరి బండి వచ్చినా, తొందరలో ఉన్నామని వాళ్లు ఎంత మొత్తుకున్నా, కళ్లు మూసుకుని ప్రతి టైరు చెంప మీదా ఒకసారి అరచెయ్యి తిప్పనిదే వదిలేవాడు కాదు. కళ్లు తెరిచి చూస్తే నలుపు తప్ప ఏమీ కనపడదని ఆయన వాదన.

వెనక చక్రాలన్నీ చూసి ముందుకొచ్చాడు. ఎడమ చక్రం ముందు కూర్చుని, చెయ్యి పెట్టబోయి ఆగాడు. కాసేపు బొట్లనే చూశాడు. తర్వాత నన్ను కిందికి దిగమన్నాడు.

"ఈ బొట్లు పెట్టింది నువ్వే గదా పాపా? అన్నీ జానెడు జానెడు దూరంలో పెట్టినావు. ఈ రెండే ఎందుకు మరీ పక్కపక్కన ఉండాయి?"

ఊరికే పెట్టానన్నాను. ఆయన నా చెయ్యి పట్టుకుని గాలి కొట్టే వాల్వు దగ్గర పెట్టి, కళ్లు మూసుకుని చుట్టూ తిప్పి మళ్లీ వాల్వు దగ్గరికి రమ్మన్నాడు. ఎక్కడ ఉబ్బినా, ఎక్కడ తెగినా చేతికి తెలుస్తుందన్నాడు. తిప్పాను. కోత దగ్గర వేళ్లు ఎత్తి దాటించేసి, ఏమీ లేదన్నాను. ఆయన ముఖంలో కోపం లేదు. ఇంకోసారి తిప్పమన్నాడు, అంతే.

రెండోసారి కళ్లు మూసుకున్నప్పుడు పైనుంచి తమ్ముడి కేరింత వినిపించింది. సరిగ్గా ఆ చక్రానికి పైనే అమ్మ వాణ్ణి ఎగరేసి ఆడిస్తోంది. అమ్మ గాజుల చప్పుడు కూడా వినిపించింది. నా వేలు పసుపులోంచి కోతలోకి దిగింది. లోపల దారాలు గరుకుగా వేలికి తగిలాయి. ఇక నావల్ల కాలేదు.

"ఈడ తెగి ఉండాది తాతా" అన్నాను.

ఆయన అప్పుడు చేసిన పని నేను చచ్చేదాకా మరచిపోను. స్క్రూడ్రైవరుతో కోతలోని పసుపంతా గబగబా గీకి, తన లుంగీకి తుడిచేసుకున్నాడు. ఆ తర్వాతే మా నాయనను కేకేశాడు.

"అబ్బయా, ఇట్లా రా! నీ బిడ్డ ఎంత పని చేసిందో చూడు. ముసలోణ్ణి, నా చేతికి దొరకని కోత అది పట్టుకున్నాది!"

నాయన వచ్చి చూసి నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. అయినా ముప్పైమంది ఎదురు చూస్తున్నారు కదా, ఆయన తొందర ఆయనది. లోపలివైపు ఒక అతుకు వేస్తే ఈ పూటకు గడవదా అని అడిగాడు. పైనుంచి ఒక పెద్దమ్మ, శుభమా అని బయలుదేరితే ఈ ఆటంకం ఏందని గొణిగింది. తాత ఎవరికీ జంకలేదు.

"అరికాలు అరిగితే అది ముసలితనం అబ్బయా, నిదానంగా పోతే పోతాది. చెంప తెగితే అది గాయం. చక్రం తిరిగినప్పుడల్లా చెంప వంగతాది, వంగినప్పుడల్లా లోపల ఒక్కో దారం తెగతాది. ఆఖరి దారం ఏ మలుపులో తెగతాదో నాకూ తెలీదు, నీకూ తెలీదు. దీనికి అతుకు నేనెయ్యను."

వడ్ల బస్తాలకైతే ఇంతకంటే పాడు టైర్లతో తోలలేదా అని నాయన చివరి ప్రయత్నం చేశాడు. అదీ తప్పేనన్నాడు తాత. ఆ తర్వాత గొంతు తగ్గించి, "వడ్లు చిందితే ఎత్తుకుంటాం. బిడ్డలు చిందితే ఎత్తుకుంటామా?" అన్నాడు. నాయన జాకీ తీశాడు.

స్టెప్నీ దించారు. అది కూడా కొత్తదేమీ కాదు, అరికాలు బాగానే అరిగింది. తాత రబ్బరు గాడుల్లో అగ్గిపుల్ల దించి లోతు చూశాడు. లోపలా బయటా చెయ్యి తిప్పాడు, నా చేతా తిప్పించాడు. చెంప ఎక్కడా పగల్లేదు, ఉబ్బలేదు. ముందుకు వద్దని, దాన్ని వెనక జోడు చక్రాల్లో లోపలికి వేసి, వెనకదాంట్లో మంచిది ముందుకు తెచ్చాడు. మొత్తం గంటకు పైగా పట్టింది. ఈలోగా మావాళ్లు ఊరుకుంటారా? రోడ్డు పక్కన దుప్పటి పరిచి, సముద్రస్నానం మాట దేవుడెరుగు, పులిహోర సగం ఖాళీ చేశారు. గొణిగిన పెద్దమ్మే అందరికంటే ముందు ఆకు వేసుకుంది.

తెగిన టైరు మీద తాత సుద్దముక్కతో పెద్ద ఇంటూ గుర్తు గీశాడు. అంతటితో ఆగక రంపం తెచ్చి దాని అంచు కోసేశాడు. కోయకపోతే ఎవరో ఒకరు నల్లరంగు పూసి ఇంకొకరి బండికి ఎక్కిస్తారట.

లారీ ఎక్కబోతుంటే నన్ను ఒక్క క్షణం ఆపాడు. "దిష్టిచుక్క చెంపకు పెడతారు గానీ గాయానికి పెట్టరు పాపా. ఈసారి గాయం కనపడితే సుద్దముక్క తీసుకో" అన్నాడు, నాకు మాత్రమే వినపడేలా.

ఎండ ఎక్కాక ఇందుకూరుపేట దాటాము. ఆ తర్వాత ఒక మలుపు తిరిగేసరికి, ఎదురుగా సముద్రం. ఇన్నేళ్లయినా ఆ నీళ్లు తలుచుకుంటే ఒళ్లు పులకరిస్తుంది. అందరికంటే ముందు నేనే దిగాను. ఎంతసేపు మునిగినా గోరు సందులోని పసుపు మాత్రం వదల్లేదు. టైరులో కోత పట్టుకున్నానని వీధంతా నన్ను మెచ్చుకుంటుంటే, ఆ గోరు దాచుకోవడానికి పిడికిలి బిగించుకుని తిరిగాను.

ఆ రాత్రే అమ్మకు చెప్పేశాను. నాయనకు చెప్పడానికి రెండేళ్లు పట్టింది. ఆయన విని నవ్వాడు. ఆ రోజే తెలుసట. పంక్చర్లు వేసే మనిషి లుంగీ మీదికి పొద్దున్నే పసుపు ఎక్కడి నుంచి వస్తుందని అడిగాడు.

ఇప్పుడు నేనే అవ్వనయ్యాను. మనవరాలి స్కూలు వ్యాను ఇంటి ముందు ఆగినప్పుడల్లా వంగి టైర్ల చెంపల మీద చెయ్యి తిప్పుతాను. డ్రైవరు నన్ను వేళాకోళం చేస్తాడు, "ఏందవ్వా, టైర్లకు దిష్టి తీస్తుండావా?" అని. పోయిన నెల వెనక టైరు చెంప మీద నిమ్మకాయంత ఉబ్బు చేతికి తగిలింది. తలెత్తి చూశాను. అతని ముఖంలో రక్తం లేదు. అతనికి ముందే తెలుసు. చెబితే బండి ఆపేస్తారని, పని పోతుందని భయపడి ఉంటాడు. ఆ ముఖం నేను ఎరుగుదును. అది పదేళ్ల వయసులో నేను పెట్టుకున్న ముఖమే.

పిల్లలను దించేశాము. మనవరాలు గునుస్తూనే దిగింది. ఓనరుకు నేనే ఫోన్ చేసి, "మీ డ్రైవరు మంచి పని చేసినాడయ్యా. టైరు ఉబ్బింది చూసి బండి ఆపినాడు. ఇంకో బండి పంపించు" అన్నాను. ఫోన్ పెట్టేసరికి అతను అటు తిరిగి కళ్లు తుడుచుకుంటున్నాడు. అప్పటి నుంచి నేను వంగేలోపే అతనే నాలుగు టైర్లూ తడిమి, చేతులు చూపిస్తున్నాడు.

ఆ పొద్దున నా చేతికి అంటిన టైరు మసి చీర కొంగుకు తుడుచుకున్నాను. ఎంత ఉతికినా ఆ మరక పూర్తిగా పోలేదు. పోవాలని నాకూ లేదు.